పైనుంచి ఫోన్ వస్తేనే

మా లాండ్రీలో ఒక కట్టుబాటు ఉంది. చెరో కొసా పట్టుకుని దుప్పటి మడత పెట్టేటప్పుడు అబద్ధం ఆడకూడదు. ఎవరు పెట్టారో నాకు తెలియదు, నేను ఆ ఆసుపత్రిలో చేరేటప్పటికే ఉంది. ఉతికే మిషన్ల హోరులో అరిస్తే తప్ప ఎవరి మాటా ఎవరికీ వినబడదు. దుప్పటి మడుస్తూ ఇద్దరు మనుషులు ఎదురెదురుగా దగ్గరికి వచ్చినప్పుడే ఒకరి మాట ఒకరి చెవిన పడుతుంది. ఆ కాస్త సేపట్లో అబద్ధాలకి చోటెక్కడ? అడిగేది సూటిగా అడగాలి, చెప్పేది సూటిగా చెప్పాలి, మడత అయ్యాక ఆ సంగతి మళ్ళీ ఎత్తకూడదు. ఎన్ని తగాదాలు ఆ మడతల బల్ల దగ్గర తీరాయో, ఎంతమంది ముక్కులు చీదుకుంటూనే నవ్వేశారో చెప్పలేను.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పైనుంచి ఫోన్ వస్తేనే పైకి వెళ్ళాలి. మేముండేది సెల్లార్లో. మురికి బట్టలు ముట్టుకునే మనుషులు వార్డుల్లో ఇష్టమొచ్చినట్టు తిరగకూడదు, అది సబబే. గోడకి ఒక పాత ఫోన్ ఉంటుంది. అది మోగి, ఫలానా చోటికి ఫలానావి తెమ్మంటే, బండి తోసుకుంటూ సామాన్ల లిఫ్టులో వెళ్ళి ఇచ్చి రావాలి. రావడమూ పోవడమూ వెనక గేటు నుంచే. ముందున్న అద్దాల తలుపుల్లోంచి రావద్దని మాకెవరూ చెప్పలేదు. మాకూ ఆ ఆలోచన రాలేదు.

ఆ ఎండాకాలం ఈ రెండు కట్టుబాట్లలో ఒకటి మా కొంప ముంచబోయింది, ఇంకోటి ఒడ్డున పడేసింది.

మా అమ్మాయిని ఇంట్లో పేచీ అని పిలుస్తాం. చిన్నప్పుడు పాలు తాగాలంటే పేచీ, జడ వేయించుకోవాలంటే పేచీ, నిద్రపోవాలంటే సరేసరి. కాలేజీకి వెళ్ళాక కాస్త నెమ్మదించింది. ఆసుపత్రి పరికరాలు బాగుచేసే చదువు అది. ఇంకొక్క ఏడాది ఉంది. మార్కులు బాగానే వచ్చాయి. ఆ సంతోషంలో నేనుండగా, ఒక సాయంత్రం అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ, ఉప్పు అందుకోమన్నంత తేలిగ్గా చెప్పింది.

"అమ్మా, నేనింక కాలేజీకి వెళ్ళను. బజార్లో బట్టల షాపులో కౌంటర్ దగ్గర పనుంది. మాట్లాడేసుకున్నా."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు? అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం మాట్లాడుతున్నావే? ఇంకొక్క ఏడాదే కదా!"

"విసుగొచ్చిందమ్మా. పుస్తకం తీస్తే నిద్రొస్తోంది."

"నిద్రొస్తే మొహం కడుక్కో. షాపుకెళ్ళడమేంటి?"

అది ముద్ద నోట్లో పెట్టుకుంది. మా ఆయన పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన వ్యాన్ నడిపేవాడు. అంతకుముందు చలికాలంలో భుజం పట్టేసి, స్టీరింగ్ తిప్పలేక ఇంట్లో ఉండిపోయాడు. అప్పట్నుంచి నేను రెండు డ్యూటీలు చేస్తున్నాను. వంటంతా తనే చేస్తానని పంతం పట్టాడు. ఒక్క చేత్తో వండేవాడు. రుచి సంగతి తర్వాత చెబుతాను.

నేను అరిచాను, బతిమాలాను, మాట్లాడటం మానేశాను. దేనికీ లొంగలేదు. దాని పేరు ఊరికే పెట్టలేదు మరి.

అప్పుడు వచ్చింది హెల్మెట్ అక్క. మా పేట సంఘంలో పనిచేస్తుంది. స్కూటర్ దిగినా హెల్మెట్ తియ్యదు, ఎందుకంటే ఒక ఇంట్లో కూర్చున్నట్టే ఉండి ఇంకో ఇంటికి పరిగెత్తుతుంది. ఆ ఏడాది సంఘం, కాలేజీ, మా ఆసుపత్రి మూడూ కలిసి ఒక ఏర్పాటు చేశాయట. మధ్యలో చదువు ఆపేసే పిల్లల లిస్టు కాలేజీ ఇస్తుంది. ఆ పిల్లల్ని సంఘం వెతికి పట్టుకుంటుంది. ఎండాకాలం సెలవులంతా వాళ్ళకి పని నేర్పేది ఆసుపత్రి.

"చివర్లో ఇంటర్వ్యూ ఉంటుంది," అంది హెల్మెట్ అక్క, గుమ్మంలో నిలబడే. "అందులో నెగ్గితే ఆఖరి ఏడాదంతా సగం పూట ఉద్యోగం, సగం పూట కాలేజీ. బస్సు పాస్ మాది. సాయంత్రాలు లైబ్రరీ పైగదిలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పించే పూచీ మాది. డిగ్రీ చేతికి రాగానే పూర్తి ఉద్యోగం ఆసుపత్రిది. ఏమంటావమ్మా?"

"నెగ్గకపోతే?" అంది పేచీ.

"నెగ్గకపోతే మళ్ళీ నేనే వస్తా. నీకు విసుగొచ్చేదాకా వస్తా."

పేచీకి నవ్వొచ్చింది. అయినా బింకం వదల్లేదు. "సరే ఆంటీ. కానీ ఇంటర్వ్యూ పోతే మర్నాడే షాపులో చేరిపోతా. అప్పుడు ఇంట్లో ఎవ్వరూ నన్నొక్క మాట అనకూడదు."

మా ఆయన నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను. ఒప్పుకోక చస్తామా?

అలా నా కూతురు నాతోపాటే వెనక గేటులోంచి పనికి రావడం మొదలుపెట్టింది. పరికరాల వర్క్‌షాప్ మా లాండ్రీ పక్కనే, సెల్లార్లోనే. దానికి పెద్ద ఒక సారు. మేం ఆయన్ని గొణుగుడు సారు అనేవాళ్ళం. మనుషులతో ఏం గొణిగేవాడో అర్థమయ్యేది కాదు గానీ, మిషన్లతో మాత్రం ఎంతో ముద్దుగా మాట్లాడేవాడు. "ఏంటమ్మా, ఏమైంది నీకు? నిన్నటిదాకా బాగానే ఉన్నావుగా. ఏదీ, ఓసారి నోరు తెరువు," అంటూ మూత విప్పేవాడు. మొదటి రోజు పేచీ వచ్చి, "అమ్మా, ఆయన నాకు చెబుతున్నారో మిషన్‌కి చెబుతున్నారో తెలియక రెండింటికీ 'సరే సార్' అన్నా," అంది.

కొన్నాళ్ళకి అది కూడా మిషన్లతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంటికొచ్చాక ఒకటే కబుర్లు. చుక్క చుక్కగా మందెక్కించే పంపు ఎందుకు ఆగింది, ఎక్కడ దుమ్ము పట్టింది, తను ఎలా కనిపెట్టింది. చెబుతుంటే కళ్ళు మెరిసేవి. ఒక ఆదివారం, ఎండలు మండిపోతుంటే, శబ్దం చేస్తోందని ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ విప్పేసింది. మంచం మీద మరలన్నీ పరిచి కూర్చుంది. మా ఆయన పేపర్‌తో విసురుకుంటూ, "తల్లీ, దీని నోరు నువ్వు మూయిస్తావో, నా ప్రాణం ఈ ఎండ తీస్తుందో," అని వేడుకున్నాడు. పొద్దు వాలేసరికి ఫ్యాన్ తిరిగింది. అంతకుముందు గాలికంటే శబ్దమే ఎక్కువ వచ్చేది, ఇప్పుడు ఒట్టి గాలే. మేం ముగ్గురం దాని కింద వెల్లకిలా పడుకుని తిరిగే రెక్కల్నే చూశాం. ఆ ఏడాది మా ఇంట్లో అంత హాయిగా గడిచిన సాయంత్రం అదే.

లైబ్రరీ పైగదిలో హెల్మెట్ అక్క ఇంటర్వ్యూ సమాధానాలు బట్టీ పట్టించేది. ఇంట్లో పరీక్ష పెట్టేది మా ఆయన. గరిటె పట్టుకుని, గొంతు పెద్దది చేసుకుని అడిగేవాడు.

"చెప్పండి మేడమ్. మీ బలం ఏమిటి?"

"కష్టపడే గుణం సార్."

"మీ బలహీనత?"

"అతిగా కష్టపడే గుణం సార్."

"మీరు ఎదుర్కొన్న అతి పెద్ద సవాలు?"

"మీరు నిన్న చేసిన కూర సార్."

నవ్వీ నవ్వీ నాకు పొలమారింది. కానీ నవ్వు ఆగాక ఒక్కటి మాత్రం లోపల గుచ్చుకునేది. ఇంత ఇష్టంగా పనిచేసే పిల్లకి చదువంటే విసుగొచ్చిందంటే ఎలా నమ్మడం? ఇంట్లో అడిగితే మాట మార్చేది. సరే, బల్ల దగ్గర అడుగుదామనుకున్నాను. చిన్నప్పుడు సెలవుల్లో నాతో వచ్చి, బల్ల ఎక్కి నిలబడి మరీ దుప్పటి కొస పట్టుకునేది. కట్టుబాటు దానికి బాగా తెలుసు. అందుకే ఆ సెలవుల్లో నేను కొస చాపినప్పుడల్లా, "చేతులకి గ్రీజు ఉందమ్మా," అని తప్పించుకుపోయేది. ఒక్కసారైనా పట్టుకోలేదు. నాకు అర్థం కాలేదనుకుంది కాబోలు.

ఇంటర్వ్యూ రోజు మా లాండ్రీ అంతా పెళ్ళివారి విడిదిలా ఉంది. ఇస్త్రీ వదిన, అంటే మా ఇస్త్రీ మిషన్ చూసుకునే ఆవిడ, పేచీ తెల్ల చొక్కాని ఆవిరి పట్టించి చొక్కా చేతులు కత్తిలా నిలబెట్టింది. ఇంకొకావిడ జడ వేసింది. ఎవరో బూట్లు తుడిచారు. పేచీ దేనికీ పేచీ పెట్టలేదు. అంత భయపడింది.

"పై అంతస్తులో, పొద్దున పదింటికి," అని హెల్మెట్ అక్క ముందురోజే చెప్పింది. ఆ పూట ఇంకో పిల్లవాడి ఇంటర్వ్యూ ఊరికి ఆ చివర ఇంకో ఆసుపత్రిలో ఉందని వాడి వెంట వెళ్ళింది. సెల్లార్లో మా సెల్‌ఫోన్లు ఎలాగూ పలకవు.

పది కొట్టింది. మేమంతా గోడకున్న ఫోన్ మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. మాకెవరికీ, ఒక్కరికంటే ఒక్కరికీ, ఇంకోలా తోచలేదు. పైనుంచి ఫోన్ వస్తేనే కదా పైకి వెళ్ళేది!

ఫోన్ మోగింది. అందరం ఒక్కసారే లేచాం. ఇస్త్రీ వదిన అందుకుంది.

"ఆ... ఆ... సరే." పెట్టేసి పెదవి విరిచింది. "పిల్లల వార్డుకి దిండు గలీబులంట."

నాతో దుప్పట్లు మడిచే ఆవిడ బండి తోసుకుంటూ వెళ్ళింది. మళ్ళీ మోగింది. ఆపరేషన్ థియేటర్‌కి ఆకుపచ్చ దుప్పట్లు. ఆ తర్వాత ఎంతసేపటికీ మోగలేదు.

"పెద్దవాళ్ళు కదా, టీలు తాగి, కబుర్లు చెప్పుకుని అప్పుడు పిలుస్తారులే," అంది వదిన.

పేచీ అటూ ఇటూ తిరుగుతోంది.

"కాస్త కూర్చోవే, కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాను.

"కూర్చుంటే చొక్కా నలిగిపోతుంది. ఇస్త్రీ అత్త చంపేస్తుంది."

నా ముందు దుప్పట్లు గుట్టగా పడున్నాయి. రెండో మనిషి లేదు. పేచీ వాటి వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది. ఆ రోజు గ్రీజు లేదు. ఊరికే నిలబడలేక కొస అందుకుంది. అడిగేద్దామని నోరు తెరిచాను.

సరిగ్గా అప్పుడే గొణుగుడు సారు వచ్చాడు. మెడలో టై ఉంది, చేతిలో కోటుంది, ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో ఆయనా ఉన్నాడట. మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"నువ్వు ఇక్కడున్నావా!" అన్నాడు. ఆయన గొంతు అంత స్పష్టంగా మేం ఎప్పుడూ వినలేదు. "పైన నీ పేరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. రాలేదని కొట్టేశారు. మిగతా పిల్లలందరివీ అయిపోయాయి."

"ఫోన్ రాలేదు సార్!" అన్నాం అందరం ఒక్క గొంతుతో.

"ఏ ఫోను?"

నేను గోడ వైపు చూపించాను. ఆయన ఆ ఫోన్ వంక చూశాడు. నా వంక చూశాడు.

"గది బయట కుర్చీలు వేశామమ్మా. వచ్చి కూర్చోవాలి కదా?"

"పిలవకుండా ఎలా వస్తాం సార్?" అన్నాను.

ఆయన కోటు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

కొట్టేశారంటే ఇంకేముంది? మర్నాడు షాపు. మేం ఒక్క మాట అనకూడదు, ఒప్పుకున్నాం కదా. మేమందరం కలిసి, చొక్కాకి ఆవిరి పట్టించి, జడ వేసి, నున్నగా తయారుచేసి, దాని చదువుని మా చేతులతోనే ఆ గోడ కింద కూర్చోబెట్టాం. పేచీ మొహం పాలిపోయింది. దుప్పటి కొస మాత్రం వదల్లేదు.

సారు కోటు తీసి బల్ల మీద పడేశాడు. నా దగ్గరికొచ్చి, "ఇలా ఇవ్వండమ్మా," అని నా చేతిలోని కొస తీసుకున్నాడు. నేను పక్కకి జరిగాను.

"రాలేదంటే షాపులో చేరిపోయావనుకున్నా. మీ హెల్మెట్ ఆవిడ ఆ షాపు సంగతి ముందే చెప్పింది లే," అన్నాడు పేచీతో. "ఈ బల్ల సంగతి నాకు తెలుసు. పక్కనే ఉంటాగా, మీవాళ్ళు చెప్పగా విన్నా. అందుకని ఇక్కడే అడుగుతున్నా. నీకు ఈ పని, ఈ చదువు నిజంగా ఇష్టమా? లేక మీ అమ్మ పోరు పడలేక వస్తున్నావా?"

"నా బలం కష్టపడే గు..." అని మొదలుపెట్టింది పేచీ. ఆగిపోయింది. దుప్పటి వంక చూసింది. ఒక అడుగు ముందుకేసి అంచులు కలిపింది.

"ఇష్టం సార్," అంది. "చాలా ఇష్టం. ఇంట్లో విసుగొచ్చిందని అబద్ధం చెప్పా."

"ఎందుకు?"

"నాన్న భుజం లేవట్లేదు. అమ్మ ఇప్పటికే రెండు డ్యూటీలు చేస్తోంది. ఇష్టమని చెప్పాననుకోండి, నా చదువు కోసం మూడో డ్యూటీ కూడా చేస్తుంది సార్. మా అమ్మ సంగతి మీకు తెలీదు."

మిషన్లు హోరుమంటూనే ఉన్నాయి. అయినా ప్రతి మాటా నాకు వినబడింది. నా చేతులు ఖాళీగా ఉన్నాయి, వాటినేం చెయ్యాలో తెలియలేదు. దొంగపిల్ల, ఎంత నాటకమాడింది! లాగి ఒక్కటివ్వాలనిపించింది, గుండెకి హత్తుకోవాలనిపించింది. రెండూ చెయ్యకుండా నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

సారు గొణుక్కుంటూ తన వైపు మడత వేశాడు.

"సార్, మీ కొస జారింది," అంది పేచీ.

"ఆఁ?"

"అంచు కలవలేదు. మళ్ళీ వెయ్యాలి."

మళ్ళీ వేశాడు. మడత పూర్తయింది. కోటు తొడుక్కుంటూ, "పద. పైన వాళ్ళింకా కుర్చీల్లోంచి లేచి ఉండరు," అన్నాడు.

"ఫోన్ రాకుండానే..." అని నసిగింది ఇస్త్రీ వదిన.

"నేనే ఫోన్‌ననుకోండి," అని పేచీని తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నేను మడిచిన దుప్పట్లన్నీ వంకరే. వదిన మళ్ళీ విప్పి మడిచింది, ఒక్క మాట కూడా దెప్పకుండా. అదొక్కటి చాలు ఆ రోజు ఎలాంటి రోజో చెప్పడానికి.

ఫోన్ మోగింది. నాకు ఒళ్ళు మండింది. విసురుగా అందుకున్నాను.

"గలీబులు పంపించాం కదా, ఇంకేం కావాలి?"

అవతల ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నారు.

"అమ్మా."

రిసీవర్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"నువ్వు పైకి రావాలట. మేనేజర్ మేడమ్ పిలుస్తున్నారు."

"బండిలో ఏం వేసుకు రావాలి?" అన్నాను. అలవాటు మరి, నోటికొచ్చింది అదే.

పేచీ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడుస్తోందని తెలుస్తోంది. "ఏమీ వద్దమ్మా. బండొద్దు. ఊరికే నువ్వొక్కదానివే రా. వచ్చేసింది, నాకు ఉద్యోగం వచ్చేసింది!"

లాండ్రీలో అరుపులు ఆ మిషన్లని మించిపోయాయి. ఇస్త్రీ వదిన నన్ను నిలబెట్టి, ఒంటి మీది చీర ఒంటి మీదే ఆవిరి పట్టించబోయింది. తప్పించుకుని పరిగెత్తాను. సామాన్ల లిఫ్టు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, మనుషుల లిఫ్టు ఎక్కాను.

పైన మేనేజర్ మేడమ్ నాకు కుర్చీ చూపించింది. కూర్చోనిదే మాట్లాడనంది. ఆవిడా, కాలేజీ నుంచి వచ్చిన లెక్చరర్ గారూ జరిగింది విని అప్పటికే నవ్వుకున్నట్టున్నారు, కానీ నా ముందు నవ్వలేదు.

"వచ్చే ఎండాకాలం ఇంకా చాలామంది పిల్లలు వస్తారమ్మా," అంది మేడమ్. "వాళ్ళకీ ఇలాగే తోచవచ్చు. పిలవకపోయినా పైకి రావచ్చని మేం చెబితే నమ్ముతారో లేదో. ఒక్కొక్కరినీ మీ బల్ల దగ్గరికి పంపిస్తాం. మీరు చెబుతారా?"

"చెబుతాను మేడమ్. నమ్మకపోతే నేనే తీసుకొస్తాను," అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా ఆయనకి కబురు ముందే అందింది. హెల్మెట్ అక్క వచ్చి చెప్పి వెళ్ళిందట. హెల్మెట్ తీసి, కూర్చుని, ఆయన చేసిన కూరతో అన్నం తిని మరీ వెళ్ళిందట. ఎవరికి ఎంత సంతోషం కలిగిందో దాన్నిబట్టే తెలుసుకోవచ్చు.

పేచీ డాబా మీంచి ఆరిన బట్టలు తెచ్చింది. అందులోంచి మా ఇంటి దుప్పటి తీసి, ఒక కొస నా వైపు చాపింది. అలవాటుగా పట్టుకున్నాను.

"అమ్మా," అంది, అంచులు కలుపుతూ. "నాకు జీతం మొదలవ్వగానే నువ్వు రెండో డ్యూటీ మానేస్తావా, మానవా?"

నేను మా ఆయన వంక చూశాను. ఆయన గరిటె వంక చూసుకున్నాడు.

"చూద్దాంలే..." అన్నాను.

"చూద్దాంలే అనేది అబద్ధం కిందకొస్తుంది. మానేస్తావా, మానవా?"

అది ఒక అడుగు దగ్గరికి వచ్చింది. నేనూ ఒక అడుగు వేయక తప్పలేదు.

"మానేస్తాను," అన్నాను.

చేతిలో దుప్పటి ఉంది మరి. మానేశాను.